బేరం పోయింది, కొసరు మిగిలింది: ఒక విమాన జీపీఎస్ కొనుగోలుపై సమీక్ష

మా ఫ్లయింగ్ క్లబ్బుకు ఉన్న సెస్నా 172 అనే చిన్న విమానంలో వాడుకోవడానికి పోర్టబుల్ జీపీఎస్ ఒకటి కొనాలనుకున్నాక, అమెరికాలో విమాన సామగ్రి అమ్మే దుకాణాల ధరలను ఒక సాయంత్రమంతా కూర్చుని పోల్చి చూశాను. పోల్చి చూశాను అనడం కూడా సరికాదేమో, పోల్చడానికి అక్కడ తేడా అంటూ ఏమీ లేదు. లావుపాటి క్యాటలాగు వేసే పెద్ద దుకాణంలోనూ, నేనెన్నడూ పేరు వినని దుకాణంలోనూ, మా రన్‌వే పక్కన రేకుల షెడ్డులో నడిచే చిన్న దుకాణంలోనూ ఆ పరికరం ధర డాలరు తేడా లేకుండా ఒక్కటే. ఒక చోట మాత్రం ధర ఉండాల్సిన జాగాలో "ధర తెలుసుకోవడానికి బుట్టలో వేయండి" అని రాసి ఉంది. ఆశపడి వేశాను. అక్కడా అదే అంకె.

ఈ సమీక్ష ఆ పరికరం గురించి, దాన్ని నాకు అమ్మిన దుకాణం గురించి, ఆ రెండింటి మధ్య నిలబడి ధరను కదలనివ్వని ఏర్పాటు గురించి. పరికరం పేరు, దుకాణాల పేర్లు కావాలనే రాయడం లేదు. ధరకు కింది హద్దు గీసే అలవాటు ఒక్క తయారీదారుకు పరిమితమైనది కాదు. పేరు రాస్తే చదివేవారి దృష్టి ఆ కంపెనీ మంచిచెడ్డల మీదికి పోతుంది తప్ప ధర సంగతి మీద నిలవదు.

కొనేవారికి ఒకేలా కనిపించినా ఈ కింది హద్దులో రెండు రకాలున్నాయి. మొదటిది కనీస ప్రకటన ధర. దుకాణం తన ప్రకటనలోనూ క్యాటలాగులోనూ వెబ్ పేజీలోనూ ఫలానా అంకె కంటే తక్కువ చూపించకూడదు గానీ, కౌంటరు దగ్గరికి వచ్చి అడిగినవారికి, ఫోన్ చేసినవారికి తనకు తోచినంత తగ్గించి ఇచ్చుకోవచ్చు. ధర బదులు "ఫోన్ చేయండి" అనో "బుట్టలో వేయండి" అనో రాయడం ఇలాంటి హద్దు ఉన్నచోట మామూలే. పదిమందిలో చెప్పకూడని ధరను చెవిలో చెప్పడానికి అదొక దొడ్డిదారి. రెండోది కనీస అమ్మకపు ధర. ఇందులో ఆ దొడ్డిదారి కూడా మూసేసి ఉంటుంది; ఎక్కడ చెప్పినా, ఎవరికి చెప్పినా బిల్లు మీద పడే అంకె ఆ హద్దు దిగడానికి వీల్లేదు. మనకు అలవాటైన ఎమ్మార్పీ ఇంతకు మించి అమ్మకూడదని చెప్పే పైకప్పు అయితే, ఇది ఇంతకు తగ్గి అమ్మకూడదని చెప్పే నేల. నేను కొన్న పరికరానికి ఉన్నది ఈ రెండో రకం. ఒక దుకాణానికి ఫోన్ చేసి, డబ్బంతా ఒకేసారి కడితే ఏమైనా తగ్గుతుందా అని అడిగితే అవతలి మనిషి నవ్వి, "తగ్గిస్తే వచ్చే నెల మాకు సరుకు రాదు" అన్నాడు. విధానమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ మాట వెనక వందేళ్లు దాటిన అమెరికా కోర్టుల చరిత్ర ఉంది. మందులు తయారుచేసే డాక్టర్ మైల్స్ కంపెనీ కేసులో 1911లో అక్కడి సుప్రీంకోర్టు, తన సరుకును దుకాణాలు ఎంతకు తగ్గకుండా అమ్మాలో తయారీదారు ఒప్పందం ద్వారా శాసించడం దానంతటదే చట్టవిరుద్ధమని తేల్చింది. ఎనిమిదేళ్ల తర్వాత కోల్గేట్ కంపెనీ కేసులో అదే కోర్టు ఒక కిటికీ తెరిచి, తయారీదారు తన ధరను ముందుగానే ప్రకటించి, దానికి కట్టుబడని దుకాణానికి ఎవరితోనూ ఒప్పందమంటూ లేకుండా సరుకు ఆపేస్తే తప్పు కాదంది. కనీస ధర గురించి రాసేటప్పుడు తయారీదారులు అది ఒప్పందం కాదని, తమ ఏకపక్ష విధానమని నొక్కి చెప్పుకోవడానికి మూలం ఆ తీర్పే. రాష్ట్రాలు కోరుకుంటే కనీస ధరలను అనుమతించుకునేలా 1937లో ఒక సమాఖ్య చట్టం వీలు కల్పిస్తే, ఆ వీలును 1975లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ తీసేసింది. చివరికి 2007లో లీజిన్ కేసు వచ్చింది. తోలు సంచులు, బెల్టులు తయారుచేసే ఆ కంపెనీ, తన బ్రైటన్ సరుకును 20 శాతం తగ్గించి అమ్ముతున్న టెక్సాస్‌లోని ఒక దుకాణానికి సరఫరా ఆపేసింది. ఆ దుకాణం కోర్టుకెక్కి కింది కోర్టులో గెలిచింది గానీ సుప్రీంకోర్టులో 5–4 తేడాతో ఓడిపోయింది. 1911 నాటి నియమం ఆ రోజుతో పోయింది. కనీస ధర పోటీకి మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది ఇకమీదట ఏ కేసుకు ఆ కేసుగా తూచి చూడాలని తీర్పు వచ్చింది. మేరీలాండ్ రాష్ట్రం మాత్రం 2009లో సొంత చట్టం చేసుకుని, తన పరిధిలో ఇలాంటి కనీస ధర ఒప్పందాలకు పాత నిషేధాన్నే నిలబెట్టుకుంది.

లీజిన్ తీర్పు రాసిన జస్టిస్ ఆంథనీ కెనడీ వాదనలో ముఖ్యమైనది ఒకటి విమాన పరికరాలకు అతికినట్టు సరిపోతుంది. ఒక దుకాణం మంచి పనివారిని పెట్టుకుని, నమూనా పరికరాన్ని బయటపెట్టి, వచ్చినవారికి గంటసేపు ఓపికగా చూపిస్తుంది. చూసినవారు అంతా తెలుసుకుని, అలాంటి ఖర్చేమీ పెట్టని మరో దుకాణంలో తక్కువకు కొనుక్కుంటారు. నాలుగేళ్లు ఇలా జరిగితే చూపించే దుకాణం మూతపడుతుంది, చూపించేవారే ఉండరు. ధరకు నేల వేస్తే దుకాణాలు ధర మీద కాకుండా సేవ మీద పోటీ పడతాయని ఆశ. తీర్పుతో విభేదించిన జస్టిస్ స్టీఫెన్ బ్రేయర్ ఈ ఆశను పూర్తిగా కొట్టెయ్యలేదు గానీ, కనీస ధరలను అనుమతించిన పాత రోజుల్లో ధరలు 19 నుంచి 27 శాతం పెరిగాయన్న ప్రభుత్వ అంచనాను గుర్తుచేశారు. కొనేవాడిగా నా మనసు బ్రేయర్ వైపే మొగ్గుతుంది. అయినా నేల వేసి అదనంగా తీసుకున్న డబ్బుకు కెనడీ చెప్పిన సేవ నిజంగా అందుతోందా లేదా అన్నది దుకాణానికి పోతే తేలిపోయే సంగతి కనుక, దాన్నే పరీక్షగా పెట్టుకున్నాను.

మొదట పెద్ద దుకాణానికి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తిన కుర్రవాడు మర్యాదస్తుడు, చురుకైనవాడు, పరికరం గురించి వెబ్ పేజీలో ఉన్నదంతా తడుముకోకుండా చదివి వినిపించాడు. పవర్ తీగ సంగతి అడిగాను. పెట్టెలో ఏదో ఒకటి వస్తుందని, రాకపోతే కారు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకునే ఛార్జర్ ఏదైనా సరిపోతుందని చెప్పాడు. ఆ సలహా పాటిస్తే మా విమానంలో పొగ వచ్చేది. సెస్నా 172లు 1978 మోడల్ నుంచి 28 వోల్టుల విద్యుత్ వ్యవస్థతో వచ్చాయి. అంతకు ముందువి 14 వోల్టులవి. మాది 28 వోల్టుల విమానం, ఆ కుర్రవాడు చెప్పిన ఛార్జర్లలో చాలావరకు 12 వోల్టుల కారు కోసం చేసినవి. "మీ విమానం ఏ సంవత్సరానిది?" అన్న ప్రశ్న అతను అడగలేదు. తప్పు అతనిది అనను. అతనికి ఆ ప్రశ్న నేర్పనివారిది. ఈ దుకాణం కూడా నా నుంచి వసూలు చేయబోయేది, ఆ ప్రశ్న అడిగే దుకాణం వసూలు చేసే ధరే అన్నది మాత్రం మనసులో నాటుకుంది.

మర్నాడు రేకుల షెడ్డుకు వెళ్లాను. దాన్ని నడిపే పెద్దాయన విమానాల మెకానిక్‌గా పనిచేసి వయసు మీద పడ్డాక దుకాణం పెట్టుకున్నవారు. నేను పరికరం పేరు చెప్పగానే ఆయన ధర చెప్పలేదు, విమానం ఏ సంవత్సరానిదని అడిగారు. చెప్పాను. తల ఊపి, నమూనా పరికరాన్ని, రెండు రకాల స్టాండులను చేతికి తీసుకుని, "విమానం దగ్గరికి పోదాం పదండి" అన్నారు. కాక్‌పిట్‌లో కూర్చున్నాక నేను అనుకున్న చోట, అంటే డ్యాష్‌బోర్డు మధ్యలో అద్దానికి అంటించే స్టాండుతో పరికరాన్ని నిలబెట్టి, ఏమీ మాట్లాడకుండా పైనున్న దిక్సూచి వైపు వేలు చూపించారు. పరికరం పెట్టకముందు 240 దగ్గర నిలబడిన దిక్సూచి, మెల్లగా ఈదుకుంటూ వెళ్లి 250 దాటి ఆగింది. పరికరాన్ని జానెడు దూరం తీశారు, దిక్సూచి మళ్లీ వెనక్కు వచ్చింది. స్పీకర్లోని అయస్కాంతమో, స్టాండులోని ఇనుమో, ఏదైతేనేం, జీపీఎస్ పనిచేస్తున్నంతసేపూ ఎవరూ పట్టించుకోని పది డిగ్రీల తప్పు అది. జీపీఎస్ ఆగిపోయి, మిగిలిన ఆధారం ఆ దిక్సూచి ఒక్కటే అయిన రోజున మాత్రం ఆ తప్పు పెద్దదే. చివరికి ఆయన పరికరాన్ని ఎడమవైపు కంట్రోలు యోక్‌కు, అంటే విమానాన్ని తిప్పే స్టీరింగు లాంటి పిడికి, బిగించే స్టాండు ఎంచి, అది పూర్తిగా తిరిగేటప్పుడు నా మోకాళ్లకు తగలడం లేదని రెండు వైపులా తిప్పి చూపించారు. ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో ధర అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు, నా నోటా రాలేదు.

ఆ దుకాణానికి నేనిచ్చే మార్కుల్లో సింహభాగం ఆ ముప్పావుగంటకే. సరుకు నిల్వ విషయంలో మాత్రం దానికి పెద్ద దుకాణంతో పోలికే లేదు. నమూనా తప్ప అమ్మకానికి పరికరం లేకపోవడంతో ఆరు రోజులు ఆగాల్సి వచ్చింది. బిల్లు చేతిరాతతో ఉంది. వాపసు విధానం ఎక్కడా రాసి లేదు, అడిగితే "తెచ్చి ఇవ్వండి, చూద్దాం" అన్నారు. ఆ మాటతో తృప్తిపడని వారికి ముప్పై రోజుల వాపసు గడువు కాగితం మీద రాసిచ్చే పెద్ద దుకాణమే మేలు.

ధరను తగ్గించలేని చోట దుకాణదారులు ఏం చేస్తారన్నది చూడటం నాకు కాస్త సరదాగానే ఉంది. కూరగాయల బండి దగ్గర బేరం తెగాక గుప్పెడు కరివేపాకు పడేసినట్టు, ఇక్కడ అన్నీ కొసరు రూపంలోకి మారిపోతాయి. ఒక దుకాణం పరికరంతో పాటు తర్వాతి కొనుగోలుకు పనికొచ్చే గిఫ్టు కార్డు ఇస్తానంది. మరొకటి రవాణా ఖర్చు వదులుకుంటానంది. ఇంకొకటి చేతి సంచి ఇస్తానంది. వీటిలో దేన్ని ఎంతవరకు అనుమతించాలన్నది కూడా తయారీదారు ఇష్టమే కనుక, కొసరు మోతాదు మించితే దానికీ నోటీసు వస్తుందని పెద్దాయన చెప్పారు. ఒకప్పుడు వీటన్నిటికంటే పెద్ద కొసరు అమ్మకపు పన్ను. తమ రాష్ట్రంలో దుకాణంగానీ గోదాముగానీ లేని అమ్మకందారు చేత రాష్ట్రాలు పన్ను వసూలు చేయించలేని రోజుల్లో, ధరలు అన్ని చోట్లా ఒకటే అయినా పక్క రాష్ట్రం నుంచి తెప్పించుకున్నవారికి ఆ పన్ను మేరకు చేతిలో డబ్బు మిగిలేది. వేఫేర్ అనే ఆన్‌లైన్ దుకాణం కేసులో 2018 జూన్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో రాష్ట్రాలకు ఆ అధికారం వచ్చింది, ఆ దారి మూసుకుపోయింది. స్థానిక దుకాణాలకు దానివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. రేకుల షెడ్డు ఇంకా నిలిచి ఉండటంలో కనీస ధరకు ఎంత పాలు ఉందో ఆ తీర్పుకూ అంత పాలు ఉందని నా అనుమానం.

ఇక పరికరం. ఏడు అంగుళాల తెర, మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడినా అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ ఒక్క గుణం కోసమే చాలామంది టాబ్లెట్ ఉండగా కూడా దీన్ని కొంటారు, నేనూ అందుకే కొన్నాను. ఎండాకాలంలో అద్దం కింద పెట్టిన ఐప్యాడ్ వేడెక్కి తనంతట తాను ఆగిపోవడం పైలట్లలో చాలామందికి అనుభవమే, దాని వాడకానికి ఆపిల్ చెప్పే ఉష్ణోగ్రత హద్దు 35 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. మూసిన కాక్‌పిట్ ఆ హద్దును ఇట్టే దాటుతుంది. ఈ పరికరం మూడు గంటలు ఎండలో ఉన్నా మొరాయించలేదు. బ్యాటరీ తెర వెలుగు పూర్తిగా పెంచితే మూడు గంటలకు కాస్త అటూ ఇటూ. అందుకే పవర్ తీగ తప్పనిసరి. తెర అంచు కాస్త వెడల్పుగా ఉండటం మొదట మోటుగా అనిపించింది గానీ, గాలి కుదుపుల్లో బొటనవేలు ఆ అంచు మీద ఆనించి చూపుడువేలితో నొక్కవచ్చని రెండో ప్రయాణంలో తెలిసింది. అయినా కుదుపులు గట్టిగా ఉన్నప్పుడు ఒక బటన్ నొక్కబోయి పక్కది నొక్కడం మామూలే. రేడియో ఫ్రీక్వెన్సీ చూడబోయి దారి మొత్తం చెరిపేసుకున్న సందర్భం నాకు ఒకసారి వచ్చింది, చెరిపేముందు "నిజంగానా?" అని అడిగే అలవాటు ఈ యంత్రానికి నేర్పాల్సింది.

వాతావరణం, చుట్టుపక్కల విమానాల సమాచారం విడిగా కొన్న ఏడీఎస్-బీ (విమానాలు తామెక్కడున్నాయో రేడియోలో ప్రసారం చేసే పద్ధతి) రిసీవరు నుంచి బ్లూటూత్ ద్వారా తెర మీదికి వస్తాయి. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి రద్దీ ఉండే గగనతలంలో ఎగిరే విమానాలు తమ ఉనికిని ఏడీఎస్-బీ ద్వారా తెలియజేయడం తప్పనిసరి అయింది. నేల మీది కేంద్రాలు 978 మెగాహెర్ట్జ్ మీద వాతావరణ సమాచారాన్ని చందా లేకుండా పంపుతాయి. గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ 396 వచ్చిన 2005లో పోర్టబుల్ తెర మీద వాన మబ్బులు చూడటమే ఒక అబ్బురం, దానికి నెలనెలా ఉపగ్రహ రేడియో చందా కట్టేవారు. ఇప్పుడది ఉచితం. ఒక్క హెచ్చరిక మాత్రం ప్రతి కొత్త పైలట్‌కూ చెప్పాలి. తెర మీద కనిపించే వాన బొమ్మ వయసు "1 నిమిషం" అని రాసి ఉన్నా, అందులోని రాడార్ సమాచారం అంతకంటే 15 నుంచి 20 నిమిషాలు పాతదై ఉండవచ్చని అమెరికా రవాణా భద్రతా మండలి 2012లోనే హెచ్చరించింది. ఉరుముల మబ్బుల మధ్య సందు చూసి దూరడానికి ఈ బొమ్మను నమ్ముకోకూడదు. ఈ సంగతి కూడా నాకు చెప్పింది మాన్యువల్ కాదు, పెద్దాయనే.

ఇది పోర్టబుల్ పరికరం కనుక, మబ్బుల్లో కేవలం పరికరాల ఆధారంగా ఎగిరేటప్పుడు దీన్ని ప్రధాన మార్గదర్శిగా వాడటానికి అనుమతి లేదు; కళ్లకు ఆసరాగా మాత్రమే. ఆ అనుమతి ఉన్న, ప్యానెల్‌లో బిగించే పరికరాల ధరల సంగతి వేరు. వాటిని అధీకృత డీలరు బిగింపుతో కలిపి అమ్మడమే వాడుక కావడంతో పెట్టె ధర, కూలి ధర విడదీయడం కొనేవాడి వల్ల కాదు. బేరమాడే చోటు ఏదైనా ఉంటే అది ఆ కూలిలోనే. పోర్టబుల్ పరికరానికి కూలి లేదు, అందుకే నేల ఇంత గట్టిగా తగులుతుంది.

అసలు ఖర్చు కొన్న తర్వాత మొదలవుతుంది. రన్‌వేలు, ఫ్రీక్వెన్సీలు, గగనతల సరిహద్దుల డేటా ప్రపంచమంతటా 28 రోజులకొకసారి మారుతుంది, మారినప్పుడల్లా పరికరంలోకి కొత్తది ఎక్కించాలి. దానికి ఏడాది చందా. ఆ చందాను తయారీదారు నేరుగా అమ్ముతాడు, మధ్యలో దుకాణం లేదు. కనీస ధర వల్ల సేవ బతుకుతుందన్న వాదనకు ఇక్కడ చోటే లేదు. ఎవరూ చూపించాల్సింది లేదు, ఎవరూ వివరించాల్సింది లేదు, ధర మాత్రం ఒక్కటే. మూడేళ్ల చందా లెక్క వేసుకున్న రోజున, పరికరం మీద ఓ వంద డాలర్లు తగ్గించుకోవడానికి నాలుగు దుకాణాలకు ఫోన్లు చేసిన నా సాయంత్రం నాకే కాస్త నవ్వులాటగా కనిపించింది. డేటా ఎక్కించడం వైఫై మీద నడుస్తుంది, నడవడం కూడా నిదానంగానే. ముందురోజు రాత్రి ఇంట్లో చేసుకోవాలి తప్ప హ్యాంగర్‌లో మొదలుపెడితే బయలుదేరే వేళ దాటిపోతుంది.

నాకు నిజంగా బాధ కలిగించినది వేరే ఉంది. పరికరాన్ని జూన్ రెండో వారంలో కొన్నాను. ఏటా జూలై ఆఖరులో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్‌లో ఎయిర్‌వెంచర్ అనే పెద్ద విమాన సంబరం జరుగుతుంది, తయారీదారులు ఆ వారానికి ప్రత్యేక రాయితీలు ప్రకటిస్తారు. నా పరికరం మీద రెండు వందల డాలర్లు తగ్గాయి. అదీ ఒక్క దుకాణంలో కాదు, దేశంలోని ప్రతి దుకాణంలోనూ, ఒకే ఉదయం, ఒకే అంకె. ఏడాదంతా ఏ దుకాణమూ ఒక్క డాలరు తగ్గిస్తే ఒప్పుకోని తయారీదారు, తనకు నచ్చిన వారంలో తానే రెండు వందలు తగ్గించాడు. సేవను కాపాడటానికే నేల వేశామన్న మాట నిజమైతే ఆ వారం సేవ ఏమైపోయింది? తయారీదారుకు రాశాను. కొనుగోలు తేదీ రాయితీ గడువుకు ముందుది కనుక ఏమీ చేయలేమని మర్యాదగా రెండు వాక్యాల జవాబు వచ్చింది. పెద్ద దుకాణంలో కొని ఉంటే ముప్పై రోజుల వాపసు గడువు కూడా అప్పటికి దాటిపోయేది. పెద్దాయనకు చెబితే ఆయనా ధర విషయంలో ఏమీ చేయలేకపోయారు. చేయలేనందుకు నాకంటే ఆయనే ఎక్కువ నొచ్చుకున్నట్టు కనిపించారు. మరుసటి వారం నేను పవర్ తీగ బిగింపు కోసం వెళ్లినప్పుడు, పని అంతా చేసి కూలి తీసుకోలేదు. కొసరు అంటే అది.

నేల కింద నుంచి దారి తవ్వినవారు కూడా ఉన్నారు. వేలం సైట్లలో అదే పరికరం, సీలు విప్పని పెట్టె అంటూ, దాదాపు 15 శాతం తక్కువకు కనిపించింది. అమ్మేవారు అధీకృత డీలరు కాదు. సరుకు దొంగదని అనలేను. డీలరు ఎవరో మిగిలిపోయినదాన్ని చాటుగా వదిలించుకుని ఉండవచ్చు. వారంటీ కావాలంటే అధీకృత డీలరు బిల్లు ఉండాలని తయారీదారు నిబంధన, పైగా డేటా చందాలు పరికరం గుర్తింపు సంఖ్యకు ముడిపడి ఉంటాయి కనుక, ఆ సంఖ్య ఇంతకు ముందే ఎవరి పేరునో నమోదై ఉంటే దాన్ని విడిపించుకోవడం కొన్నవాడి తలనొప్పి. మా క్లబ్బులో ఒకాయనకు ఇలాంటి చిక్కే వచ్చి రెండు నెలలు పట్టింది. ఆకాశంలో నమ్ముకోవాల్సిన వస్తువును ఎక్కడిదో తెలియకుండా కొనడం నాకు మనస్కరించలేదు.

విధానం మీద నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, కనీస ధర సమర్థనీయం కావడానికి ఒక షరతు ఉంది: కొనేవాడు ఆ బ్రాండు వదిలి ఇంకో బ్రాండుకు పోగలగాలి. ఒకే బ్రాండు అమ్మే దుకాణాల మధ్య పోటీ తగ్గినా బ్రాండుల మధ్య పోటీ ఉంటే చాలన్నది లీజిన్ తీర్పు తర్కంలో పెద్ద భాగం. తోలు సంచుల్లో అది నిజమే, బజారులో సంచులకు కొదవ లేదు. విమాన జీపీఎస్‌లు తయారుచేసేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ రంగంలో ధరలకు కళ్లెం వేసినది మరో జీపీఎస్ కంపెనీ కాదు, 2010లో వచ్చిన ఐప్యాడ్. ఫోర్‌ఫ్లైట్ లాంటి యాప్ ఏడాది చందాకు పైలట్లు వాడే చార్టులన్నీ (గగన పటాలు) చేతిలో పెట్టేసరికి పోర్టబుల్ పరికరాలు తమ ధరను నిలబెట్టుకోవడానికి కొత్త కారణాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎండలో కనిపించే తెర, వేడికి ఆగని ఒళ్లు, విమానం విద్యుత్తుకు నేరుగా కలిసే తీగ. ఆ కారణాలు నిలిచినన్నాళ్లే ఆ ధరా నిలుస్తుంది.

పరికరం కొనదగినదే. ఎండలో ఎక్కువగా ఎగిరేవారికి, టాబ్లెట్ ఒక్కదాన్నే నమ్ముకోవడం ఇష్టం లేనివారికి తప్పక పనికొస్తుంది. నెలకొకసారి ఎగిరేవారికి మాత్రం చందాతో కలిపి బరువే. వచ్చే ఏడు క్లబ్బు రెండో విమానానికి మరొకటి కొనాలన్న ప్రతిపాదన ఉంది. ఈసారి జూన్‌లో కాకుండా ఆష్‌కాష్ వారం దాకా ఆగి, ఆ ఉదయమే అదే రేకుల షెడ్డుకు పోయి డబ్బు కట్టాలని కోశాధికారికి ఇప్పటికే రాసిచ్చాను.